గుడారాలకు సిరా

కర్నూలు రాజధాని అయిన ఏడాది నేను అక్కడి కాలేజీలో చేరాను. బంగళాలు చాలక ఆఫీసులకు గుడారాలు వేశారు. వాటి నిండా గుమాస్తాలు. మద్రాసు నుంచి వచ్చే సిరా వాళ్ళకు సరిపోవడం లేదని విని, ఓర్వకల్లు రైతుబిడ్డ అయిన నా క్లాసుమేటు, "మనమే చేద్దాం పా అప్పా" అన్నాడు.

కరక్కాయలు నానబెట్టి, అన్నభేది, తుమ్మజిగురు కలిపి కాలేజీ ల్యాబులోనే కాచాం. మా కెమిస్ట్రీ లెక్చరరు కడపవాడు. సాయంత్రాలు ల్యాబు మాకు వదిలేశాడు.

మొదటి సీసాలు ఇచ్చిన వారానికే ఒక గుమాస్తా మమ్మల్ని పిలిపించాడు. బెజవాడ వైపు మనిషి. "ఏంటయ్యా ఇది? కలంలో గడ్డ కట్టేస్తోంది. ఫైలంతా మరకలే!" అన్నాడు. తలలు వంచుకుని సీసాలు వెనక్కి తెచ్చాం.

లెక్చరరు ఒక సీసాను వెలుగుకు పట్టి చూశాడు. "నీళ్ళు యాడివి?"

"హాస్టలు బావివి సార్."

"ఆ నీళ్ళతో పప్పే ఉడకదు. సిరా యాడ నిలుస్తాదప్పా?"

అప్పటినుంచి ప్రాక్టికల్స్‌కు పోగా మిగిలిన డిస్టిల్డ్ వాటర్ మాకిచ్చాడు. సిరా నిలిచింది. గుమాస్తా మళ్ళీ కొన్నాడు, పక్క గుడారానికీ చెప్పాడు.

మా హాస్టలు వాళ్ళే ఇంకో ఇద్దరు టైపు మిషను బాడుగకు తెచ్చి, కాలేజీ వరండాలో కూర్చుని పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు అర్జీలు కొట్టిచ్చేవారు. లెక్చరరు అటువైపు తొంగి చూసేవాడు కాదు. వాళ్ళకు సాయం చేయరా అని అడిగాను.

"వాళ్ళ పని నాకేం తెల్సప్పా? ఆడ్నుంచి వాళ్ళను ఎవురూ లేపకుండా చూస్తాండా. అంతే."

వరండా ఖాళీ చేయించాలని ప్రిన్సిపాలు అన్నప్పుడల్లా ఈయన అడ్డుపడ్డాడని తర్వాత తెలిసింది.

రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు పీకేశారు. టైపు మిషను వాళ్ళిద్దరూ ఆఫీసుల వెంటే వెళ్ళారు. మా సీసాలు మిగిలిపోయాయి. లెక్చరరు మమ్మల్ని బస్సెక్కించి, కమలాపురం, వేంపల్లె బడుల్లో తనకు తెలిసిన పంతుళ్ళ దగ్గరికి తానే తీసుకుపోయాడు. వాళ్ళు కొన్నారు గానీ, ఇద్దరు బతికేంత బేరం కాదది.

"నువ్వు చదువుకోప్పా. నేను దీన్ని ఇడవను" అన్నాడు మిత్రుడు. నాకు దిగులూ వేసింది, తేలికగానూ అనిపించింది. అతను కడపలో చిన్న కొట్టు పెట్టాడు. సిరా తగ్గాక బట్టల సబ్బు మొదలుపెట్టి, దానితో నిలదొక్కుకున్నాడు. నేను పంతులునయ్యాను.

సెలవుల్లో సొంతూరు వచ్చినప్పుడల్లా లెక్చరరు ఆ కొట్లో బల్ల మీద కూర్చుని, సబ్బు ముక్క వాసన చూసి, నూనె ఎక్కువైందనో తక్కువైందనో చెప్పి పోయేవాడు.