కందిరీగ పిల్లల్ని పోల్చే మేడమ్

తొర్రూరు కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మేడమ్ నోట రోజుకు పదిసార్లైనా ఒకే మాట వినిపించేది: "చూసి చెప్పు బిడ్డా, అందాజగ చెప్పకు."

ఒకసారి ల్యాబ్ కిటికీకున్న కందిరీగల గూడు గాలికి ఊడిపడింది. అందులోని తెల్లటి పురుగుల్లాంటి పిల్లల్ని ఆమె వెల్లకిలా పడుకోబెట్టి, భూతద్దం నా చేతికిచ్చారు. లావుగా ఉన్నదాన్ని చూసి మగదన్నాను.

"లావుంటే మగదా? తోక దిక్కు చూడు" అని కసిరారు.

తోక దగ్గర చర్మం కింది చిన్న చుక్కలు చివరి మడత మీదే ఉంటే మగది. దాని ముందు మడత మీద కూడా ఉంటే ఆడది. నాది ఆడది.

ల్యాబ్ ఊడ్చే అక్క ఇదంతా చూస్తూ నిలబడింది. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మళ్లీ కడుపుతో ఉంది. మేము సర్దుకుంటుంటే మెల్లగా అడిగింది.

"మేడమ్, గింత పురుగునే ఆడిదో మగదో పోలుస్తున్నరు. నా కడుపుల ఏమున్నదో జర చూసి చెప్పుండ్రి."

మాకు నవ్వొచ్చింది. మేడమ్ నవ్వలేదు. భూతద్దం సొరుగులో పెట్టేసి, అక్కను తన కుర్చీలో కూర్చోబెట్టారు. "పొద్దుగాల ఏమన్న తిన్నవా అక్కా?" అంటూ తన టిఫిన్ డబ్బా మూత తీశారు.

అక్కకు కాన్పయ్యాక దవాఖానకు మా అందరికంటే ముందు పోయింది మేడమే. చూసొచ్చిన మనిషి కదా, ఏం పుట్టిందో చెప్పమని అందరం మీద పడ్డాం.

"మస్తు ఆకలి, మస్తు గొంతు" అన్నారు మేడమ్.