రోలు మీద పడ్డ నింద

పోయిన నెల మా పిన్ని కాకినాడలో ఇల్లు మారింది. సామానంతా ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, రుబ్బురోలు ఒక్కదాన్ని పాత వాకిట్లోనే వదిలేసిందని ఆవిడ కూతురు, నా చెల్లెలు, ఫోన్ చేసి చెప్పింది. ఎందుకమ్మా అంటే, "మీ నాన్న ఉజ్జోగం తిన్న రాయి అది. ఇంకా ఎవర్ని తింటాదో" అందట. చెల్లెలు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. అది నా అలవాటు. ఆ రోలు ఎవరి ఉద్యోగమూ తినలేదు. బొంబాయి నుంచి స్టీమరెక్కి అరేబియా సముద్రం దాటి వెళ్ళి, మళ్ళీ దాటి వచ్చిన రోలు బహుశా ఆంధ్రదేశంలో అదొక్కటే. అంతకు మించి దాని నేరం ఏమీ లేదు. ఉద్యోగం తిన్నవాడు వేరే ఉన్నాడు. వాడు బీకాం చదివాడు.

మా బాబాయి గోదావరి మీద ఆవిరి లాంచీల రోజుల్లో బొగ్గు ఎగదోసే పనిలో చేరి, డీజిలు లాంచీలు వచ్చేనాటికి సరంగు అయ్యాడు. అంటే చక్రం పట్టేవాడు. డెబ్భైల్లో దుబాయ్ వెళ్ళాడు. మా జిల్లాలో గల్ఫ్ మొత్తాన్నీ దుబాయ్ అనే అంటారు కనుక అలా అన్నాను. నిజానికి ఆయన చేరింది ఇంకా ఉత్తరాన రాస్ అల్ ఖైమాలో, కొండరాయి కొట్టి ఓడలకెక్కించే ఒక కంపెనీలో. అక్కడ సముద్రం పాయలా నేలలోకి చొచ్చుకొస్తుంది. దాన్ని ఖోర్ అంటారు. కంపెనీ రేవు ఆ ఖోర్ లోపల ఉండేది. ఖోర్ నోటి దగ్గర అడ్డంగా ఇసుకమేట. పోటు మీద నీళ్ళు నిండుగా ఉన్నప్పుడే లాంచీ దాన్ని దాటాలి. నీళ్ళు తీయడం మొదలయ్యాక వస్తే మళ్ళీ పోటు వచ్చేదాకా బయట చేపలతో కబుర్లు చెప్పుకోవాలి. పదిహేను రోజులకోసారి దుబాయ్ వెళ్ళి కంపెనీకి సరుకులు తేవడం బాబాయి పని.

ఆయన పోటు లెక్క కట్టేది పంచాంగంతో. చక్రం పక్కన రేకు డబ్బాలో, మైనపుగుడ్డలో చుట్టి, మన తెలుగు పంచాంగం ఉండేది. "తిథికి రెండు గడియలురా అబ్బాయ్. నిన్నటికంటే ఇయ్యాల పోటు రెండు గడియలు ఆలీసం. చందమామ ఎలా చెబితే నీళ్ళు అలా ఆడతాయి" అనేవాడు. మార్జిన్లలో పెన్సిలు గీతలు ఉండేవి. అవి ఆయన చేరిన కొత్తలో ఖోర్ నోట్లో గాట్లు పెట్టిన గుంజ పాతి, నెలరోజులపాటు నీళ్ళు ఏ గాటుదాకా వచ్చాయో చూసి రాసుకున్నవి. దీన్నే పరిశోధన అంటారని కాలేజీలో మాకు చెప్పారు. కానీ ఇంగ్లీషులో చెప్పారు కాబట్టి నేను గుర్తుపట్టలేదు.

ఆయనే వీసా తెప్పించి నన్ను అదే కంపెనీలో గుమాస్తాగా వేయించాడు. చేరిన ఆర్నెల్లకి, ఓ పొద్దున ఆఫీసులో సులేమానీ చాయ్ తాగుతూ, ముదీర్, అంటే మా మేనేజరు, ముందు నా చమత్కారం ప్రదర్శించాను. మన లాంచీకి ఇద్దరు డ్రైవర్లు సాబ్, ఒకరు మా బాబాయి, రెండోవారు పంచాంగంలోని గురుగ్రహం, జీతం మాత్రం ఒకరికే ఇస్తున్నారు అన్నాను. గదంతా నవ్వింది. ముదీర్ కూడా నవ్వాడు, కానీ అందరికంటే ముందే ఆపేశాడు. "మత్లబ్? జ్యోతిష్ కీ కితాబ్ దేఖ్‌కే బోట్ చలాతా హై?" అన్నాడు. అది జ్యోతిష్యం కాదు సాబ్, చంద్రుడి లెక్క అని చెప్పడానికి నాకు ఒక్క వాక్యం చాలు. జోకు పాడవుతుందని చెప్పలేదు. ఆ సాయంత్రమే దుబాయ్ రేవు వాళ్ళు అచ్చువేసిన పోటు పట్టికల పుస్తకం నా బల్ల మీదికి వచ్చింది. నెలనెలా అందులోంచి టైములు టైపుకొట్టి బాబాయికి ఇవ్వాలి, లాంచీ ఆ కాగితం ప్రకారమే నడవాలి. చాలా శ్రద్ధగా టైపుకొట్టాను. అక్షరదోషం ఒక్కటి లేదు. పుస్తకం చివరి పేజీ మాత్రం తిప్పలేదు.

సరిగ్గా ఆ నెలలోనే పిన్ని స్టీమరులో వచ్చి దుబాయ్‌లో దిగింది. సరుకుల లాంచీలో బాబాయి, నేనూ ఎదురెళ్ళాం. కంపెనీ బాబాయికి రేవు పక్కన ఒక గది ఇచ్చి కుటుంబాన్ని తెచ్చుకోమంది. సరంగుకు దక్కిన మర్యాద అది. దుబాయ్ నుంచి టాక్సీలో వెళ్దామన్నాను. "నా పెళ్ళాన్ని నా లాంచీ ఉండగా టాక్సీలో తెత్తానా? నలుగురూ ఏమనుకుంటారు!" అన్నాడు. స్టీమరు నుంచి పిన్ని ఒక ట్రంకుపెట్టె, ఒక గోనెసంచీ దించింది. సంచీలో రోలు. పొత్రం విడిగా చేతిసంచీలో, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు భుజానికి ఆనించుకుని ఉంది. ఇద్దరు కూలీలు రోలు మోయలేక దాని పుట్టుపూర్వోత్తరాల గురించి అరబీలో ఏదో అన్నారు. "ఇక్కడ రాళ్ళు దొరకవేంటే?" అన్నాడు బాబాయి, రాళ్ళ కంపెనీలో పనిచేస్తున్నవాడు. "దొరికితే నాలుగేళ్ళ బట్టి ఇడ్లీ ఎందుకు తిన్లేదో చెప్పండి" అంది పిన్ని.

మర్నాడు తెల్లారకముందే బయల్దేరాలని బాబాయి అన్నాడు. "పదకొండున్నరకి నీళ్ళు తీసేత్తాయి" అన్నాడు పంచాంగం మీద వేలుపెట్టి. నేను కాగితం తీశాను. నిండు పోటు ఒంటిగంటకి అని ఉంది. రెండు గంటలు ఆగి సరుకులన్నీ ఎక్కించుకునే వెళ్ళొచ్చు. ముదీర్ ఆర్డరు కూడా అదే. బాబాయి కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. "తప్పుండదు కదరా?" అన్నాడు. "అచ్చుపుస్తకం బాబాయ్" అన్నాను. ఆయన డబ్బా మూత పెట్టేశాడు. "సరేలే. సదువుకున్నోడివి."

పన్నెండున్నర దాటాక లాంచీ ఖోర్ నోట్లో ఒక్క కుదుపుతో ఆగి, మెల్లగా ఎడమపక్కకి ఒరిగింది. లాంచీ అడుగున పంకా ఇసుకలో తిరిగి వంగిన చప్పుడు ఇప్పటికీ నా పళ్ళలో ఉంది. మేం చూస్తుండగానే నీళ్ళు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయాయి. చుట్టూ తడి ఇసుక, పీతలు. వాలిన లాంచీలో పిన్ని పొత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఏమైందండీ?" అంది. బాబాయి నవ్వాడు. "ఏముందే, నీ రోలు బరువుకి కూలబడిపోయింది." ఆవిడ బెదిరిపోకూడదని అన్న మాట అది. ఆవిడ మాత్రం నవ్వలేదు. గోనెసంచీ వైపు అదోలా చూసింది.

అప్పుడు ముదీర్ వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, ఇసుకమీద నడుచుకుంటూ వచ్చాడు. వంగిన పంకా చూశాడు, తరువాత రేకు డబ్బా చూశాడు. "ఫిర్ వహీ కితాబ్?" అన్నాడు. బాబాయి నా వైపు ఒకసారి చూశాడు. ఒక్కసారే. నా చొక్కా జేబులో మడత పెట్టిన కాగితం గుండెకి తగులుతోంది. "హా సాబ్" అన్నాడు. "గల్తీ మేరా." తప్పు తనదేనట. నేను ఏం చేశానంటే, వంగి, గోనెసంచీ తాడు ముడి సరిచేశాను. అది గట్టిగానే ఉంది.

ముదీర్ "ఖలాస్" అన్నాడు. బాబాయి చేతిలోంచి చక్రం పోయి తాళ్ళు, డబ్బాలు ఉండే షెడ్డు తాళం వచ్చింది. పుస్తకం చివరి పేజీ వారం తర్వాత తిప్పాను. ఉత్తరపు రేవులకు ఇంత తగ్గించవలెను అని చక్కగా అచ్చువేసి ఉంది. పోటు హొర్ముజ్ వైపు నుంచి వస్తుంది కాబట్టి ముందు మమ్మల్ని పలకరించి, తరువాత దుబాయ్ వెళ్తుందట. తగ్గించి చూస్తే బాబాయి పెన్సిలు గీతకీ అచ్చుకీ పది నిమిషాలు కూడా తేడా లేదు. ఆ తర్వాతి నెల నుంచి తప్పులేకుండా టైపుకొట్టాను. అది చూసి ముదీర్ నన్ను మెచ్చుకుని బర్ దుబాయ్ ఆఫీసుకి పంపాడు. కొత్త సరంగు మాత్రం రోజూ షెడ్డు దగ్గరకొచ్చి, "చాచా, ఆజ్ పానీ కబ్?" అని అడిగేవాడట. బాబాయి ఆకాశం వైపు చూసి చెప్పేవాడట. ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. బాబాయి ఆ సంగతి నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. సెలవు రోజు నేను వెళ్తే పిన్ని అదే రోల్లో రుబ్బి గారెలు వండేది. నేను తినేవాణ్ణి. బాబాయి పోయేదాకా ఎన్ని గారెలు తిన్నానో, అన్నిసార్లూ చెబుదామనే అనుకున్నాను.

చెల్లెలి ఫోను వచ్చిన ఆదివారం కాకినాడ వెళ్ళాను. పాత వాకిట్లోంచి రోలు ఎత్తించి పిన్ని కొత్త గుమ్మం ముందు దింపించి, మొత్తం చెప్పాను. గురుగ్రహం జోకు, కాగితం, చివరి పేజీ, ఏదీ దాచలేదు. చెప్పేటప్పుడు నవ్వకూడదని ఎంత అనుకున్నా మొదటి మాట దగ్గరే అలవాటు కొద్దీ నవ్వొచ్చేసింది. పిన్ని అంతా విని నా తల నిమిరింది. "నీకు చిన్నప్పట్నుంచీ ఎటకారమేరా. నా బాధ పోగొట్టాలని నీ నెత్తిన ఏసుకుంటన్నావు. మీ బాబాయిదీ ఇదే బుద్ధి" అంది. కాదు పిన్నీ, నిజం అన్నాను. "సర్లే, గారెలు తిను" అంది. మిక్సీలో రుబ్బినవి.

పోటు రోజుకి రెండు గడియలే ఆలస్యంగా వస్తుంది. ఇసుకమేట అంతవరకే ఆగుతుంది. నేను నలభై ఏళ్ళు ఆలస్యంగా వెళ్ళాను, నీళ్ళు ఎప్పుడో తీసేశాయి.