పట్టభద్రుల జాబితాలో నా పేరు

శాసన మండలి పాఠం డిగ్రీలో బట్టీ పట్టాను. మూడో వంతు మందిని ఎమ్మెల్యేలు, ఇంకో మూడో వంతును పంచాయతీ, మునిసిపాలిటీల సభ్యులు ఎన్నుకుంటారు. ఆరో వంతును గవర్నరు నియమిస్తారు. మిగిలిందాంట్లో సగం టీచర్లు, సగం పట్టభద్రులు ఎన్నుకునేది. ఆ చివరి పన్నెండో వంతులో నాకూ చోటుందని పరీక్ష రాస్తున్నప్పుడు తట్టలేదు.

పెళ్ళయి దోహా వచ్చాను. పాప పుట్టాక, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఈ ఒంటిగది ఫ్లాట్‌లో నేనేం చదివానని అడిగినవాళ్ళు లేరు. అందుకే ఆమధ్య ఊర్నుంచి అన్నయ్య ఫోన్ చేస్తే ప్రాణం లేచొచ్చింది.

"మండలి ఎన్నికలొచ్చాయి. పట్టభద్రుల ఓటర్ల జాబితా ప్రతిసారీ కొత్తగా రాస్తారే. నీ సర్టిఫికెట్ పంపు, పేరు ఎక్కించేస్తా."

"నేనక్కడ లేనుగా అన్నయ్యా?"

"ఇల్లు మనదేగా! నువ్వొట్టి భయాల పుట్టవి."

రెండు రోజులు నలిగిపోయాను. ఉండని చోట ఉంటున్నానని రాస్తే రేపు పాస్‌పోర్టుకు ఏమైనా అడ్డొస్తుందేమో! డ్యూటీ నుంచొచ్చిన మా ఆయన, "ఒక్క ఓటుకి ఇంత బెంగా? పంపెయ్. రెండు వైపులా పంపు, ముద్రల్లేకపోతే చెల్లదంటారు" అన్నారు.

నిజమే అనుకున్నాను. ఇక్కడ ఏ కాగితం ఇచ్చినా ముందు వెనక్కి తిప్పే చూస్తారు. ఉద్యోగం చేద్దామని వచ్చిన కొత్తలో వేయించిన ఖతర్ ఎంబసీ ముద్రలన్నీ నా డిగ్రీ వెనకే ఉన్నాయి. రెండు వైపులా ఫోటో తీసి పంపాను.

వారం తర్వాత అన్నయ్య ఫోన్. "వెనక వైపు ఎందుకు పంపావే తల్లీ! ఆఫీసులో ఆ ముద్రలు చూసి, ఈవిడ ఖతర్‌లో ఉంటోందా అని అడిగారు. ఎదురుగా అడిగాక అబద్ధం ఎలా ఆడను? దరఖాస్తు తిప్పిచ్చేశారు."

"ముద్రలుంటేనే చెల్లుతుందనుకున్నా."

"మీ గల్ఫ్ చాదస్తం తగలెయ్య!"

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు అసెంబ్లీ ఓటైతే పాస్‌పోర్టు చూపించి రాయించుకోవచ్చట. వేయడానికి మాత్రం స్వయంగా వెళ్ళాలి. దానికి డిగ్రీతో పనిలేదు.

భయం తీరినందుకు తేలిగ్గా ఉండాలి. కానీ ఏడుపొచ్చింది. అన్నయ్య కంగారుపడి, "ఇంతకీ ఎవరికి వేద్దామనుకున్నావే?" అన్నాడు.

ఎవరెవరు నిలబడ్డారో నేను కనుక్కోనేలేదు.

"తెలీదన్నయ్యా. జాబితాలో పేరుంటే చాలనుకున్నా."