కప్ప గొంతు కింద వెలుగు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇప్పటికీ లేదనే అనుకుంటున్నాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ డైరీ రాస్తున్నవాణ్ణి. చూసింది రాస్తాను, ఊహించింది రాయను. ఇదీ అలాగే చెబుతున్నాను.

రిటైరయ్యాక కప్పల్నీ, పాముల్నీ, తొండల్నీ ఫొటోలు తీసే పిచ్చి పట్టుకుంది. భవానీపురంలో మా ఇంటి నుంచి కంకిపాడు వైపు కాలవ గట్లకు వెళ్లేవాళ్లం, నేనూ మా ఆవిడ సుశీలా. జీవిని ముట్టుకోకూడదు, ఉన్నచోటి నుంచి కదపకూడదు, ఫ్లాష్ వేయకూడదు. ఇవి నా నియమాలు. దాంతో కప్ప గొంతు కింద ఎప్పుడూ నీడే పడేది. ఆ నీడ పోవడానికి సుశీల వంటింట్లోంచి స్టీలు కంచం తెచ్చి, కింద పట్టుకుని, ఆకాశం వెలుగును పైకి తిప్పేది.

“పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంత ఓపిగ్గా చూడలేదండీ మీరు!” అని ఎగతాళి చేసేది.

తను పోయాక కెమెరా బీరువాలో పెట్టేశాను. మొన్న వానాకాలంలో ఉండబట్టలేక ఒక్కణ్ణే వెళ్లాను. కంచం తీసుకెళ్లలేదు. పట్టుకునే మనిషి లేదు కదా.

మధ్యాహ్నం, బాగా మబ్బు పట్టి ఉంది. అరటాకు కాడ మీద ఒక చెట్టుకప్ప కూర్చుంది. మోకాళ్ల మీద వంగి చూస్తే గొంతు కింద మామూలు నీడే. సర్లే అనుకుని ఫోకస్ సరిచేస్తుంటే ఆ నీడ మెల్లగా విడిపోయింది. గొంతు మీది పలచని చర్మం, ఊపిరికి అది కదలడం స్పష్టంగా కనిపించాయి. గబగబా ఫొటోలు తీశాను.

తీశాక, అలవాటు కొద్దీ “చాలు” అన్నాను. కంచం దించమని తనతో ఎప్పుడూ అనే మాటే అది. వెలుగు ఒక్కసారిగా పోలేదు. కప్ప బెదరకుండా సుశీల దించినట్టే నెమ్మదిగా కాడ మీదకు, అక్కణ్ణుంచి మట్టిలోకి జారింది.

వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. నా దగ్గరికి ఎవరైనా వచ్చారా అని పక్క మడిలో కలుపు తీస్తున్న ఆవిడను అడిగాను.

“ఇంకెవరండీ, మీరొక్కరేగా! ఇందాకట్నుంచీ అరటిచెట్టుకి దణ్ణం పెడుతున్నట్టు కూర్చున్నారు,” అని నవ్వింది.

మబ్బు విడిందేమోనని చూశాను. విడలేదు. నీళ్ల మెరుపేమో అనుకుంటే అక్కడ ఉన్నది బురద. ఫొటోల్లో మాత్రం వెలుగు ఉంది. కెమెరాల సంగతి తెలిసిన ఒక మిత్రుడు చూసి, వెలుగు పైకి పడేలా కింద అద్దమో రేకో ఎవరు పట్టుకున్నారని అడిగాడు. మాట మార్చేశాను.

తర్వాత అదే చోటికి, అలాంటి మబ్బులోనే, చాలాసార్లు వెళ్లాను. నీడ నీడలాగే ఉంది. కారణం నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఇప్పుడు అంతగా లేదు. ఒక్కటే మనసులో తొలుస్తుంటుంది: ఆ రోజు నేను చాలు అనకుండా ఉంటే, ఇంకాసేపు ఉండేదేమో.