నీళ్ళు లేని కాలువకు గైడు

ఆ రోజు కాలువలో నీళ్ళుండి ఉంటే నా పరువు నీళ్ళలో కలిసేది. నీళ్ళు లేవు కాబట్టి బురదలో కలిసింది. కంకిపాడు లాకుల దగ్గర ఇప్పటికీ పూడిక తీసేవాళ్ళ గడ్డపారకు అప్పుడప్పుడు గట్టిగా ఏదో తగులుతుంటుంది. రాయి కాదు, నా పరువే. అదెలా అక్కడికి చేరిందో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు మూడూళ్ళ జనం ఆపుకోలేదు, మీరు మాత్రం ఎందుకు నష్టపోవాలి?

అప్పటికి నాకు ముప్పైమూడేళ్ళు. విజయవాడలో ఒక మోటారు పంపుల కొట్లో పని చేస్తూండేవాణ్ణి. మధ్యాహ్నం ఎవరూ రాని వేళ ఫోనులో వీడియోలు చూడ్డం నా నిత్యకృత్యం. ఒకనాడు ఆ ఫోనులో ఒక దొరగారు ప్రత్యక్షమయ్యారు. ఎక్కడో కొండల మధ్య ఏటిలో నడుంలోతున నిలబడి సన్నటి కర్ర ఊపుతున్నారు. కర్రకున్న తాడు గాలిలో మెలికలు తిరుగుతోంది. తాడు చివర గాలం, గాలానికి ఈకలూ దారాలూ చుట్టి చేసిన దొంగ ఈగ. అది నీటి మీద వాలిందో లేదో, నిజం ఈగే అనుకుని చేప ఎగిరి అందుకుంది. దొరగారు ఆ చేపను ముద్దు పెట్టుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేశారు! పక్కన ఇంకొకాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన గైడట. చేప ఎక్కడుందో చూపించడమే ఆయన ఉద్యోగమట.

చేతులు కట్టుకుని నిలబడ్డం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. మర్నాడే కొట్లో పని మానేశాను. కృష్ణా డెల్టాకంతటికీ మొట్టమొదటి ఈగగాలం గైడుని నేనే. ఇప్పటిదాకా చివరివాణ్ణి కూడా నేనే.

కంకిపాడులో మేడ మీద ఒక గది తీసుకున్నాను. పద్దెనిమిది జేబుల చొక్కా కుట్టించాను. పద్దెనిమిదింటిలోనూ ఏం పెట్టాలో తెలియక పదింటిలో వేరుశనక్కాయలు పోశాను. ఛాతీ దాకా వచ్చే రబ్బరు లాగు ఒకటి తెప్పించాను. అది దొరల మంచు ఏళ్ళ కోసం పుట్టిన వస్తువు. మా ఎండలో దాన్ని తొడిగితే బయట కాలువ నీళ్ళు మోకాళ్ళ దాకా, లోపల నా చెమట నడుం దాకా ఉండేవి.

మార్చి చివర్లో కాలువలో దిగాను. మొదటి రోజు గట్టు మీద తిరునాళ్ళంత జనం.

"ఏం పడుతున్నారండీ?"

"ష్!" అన్నాను, పెదవుల మీద వేలు పెట్టుకుని. చేప దగ్గర మాట్లాడకూడదని వీడియోలో చెప్పారు మరి.

"ఎరేంటండీ?"

"ష్!"

"పోనీ ఒంట్లో బానే ఉందా అండీ?"

దానికి కూడా "ష్" అన్నాను. రెండో రోజుకి జనం సగమయ్యారు. వారం తిరిగేసరికి గట్టు మీద ఒక గేదె మిగిలింది. అదీ ఒకరోజు అరవబోతే నేను వేలు చూపించాను. ఆ తర్వాత అదీ రాలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం నవ్వు ఆపి వినండి. పొద్దున్నే నీళ్ళ మీద పొగమంచు విడిపోతుంటే, అవతలి గట్టున సైకిళ్ళు వెళుతుంటే, ఎంత అందంగా ఉండేదో! "చూశారా?" అందామని పక్కకు తిరిగేవాణ్ణి. పక్కన నా నీడ ఉండేది. మధ్యాహ్నానికి అదీ కాళ్ళ కిందికి దూరేది. సాయంత్రం గదికి పోయి ఫోను కంపెనీకి ఫోన్ చేసేవాణ్ణి. ఫోనుకేమీ రోగం లేదు. "దయచేసి వేచి ఉండండి, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని ఒకావిడ రికార్డు గొంతు చెబుతుంటే వినడానికి. ఆ వేసవిలో నేను ముఖ్యమని చెప్పిన ఏకైక ప్రాణి ఆవిడే. తర్వాత నిజం మనిషి ఎత్తితే పెట్టేసేవాణ్ణి, ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం లస్కరు కోటయ్య గారు గట్టు మీదికి వచ్చాడు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని.

"బాబూ, ఒక్క మాట..."

"ష్!"

మర్నాడు మళ్ళీ వచ్చాడు. "అది కాదు బాబూ, ఎల్లుండి..."

"ష్!"

మూడో రోజు నోరు మెదపలేదు. తెలివిగా రెండు చేతులూ పైకెత్తి, మెల్లగా కిందికి దించి చూపించాడు. ఆయన తన చిన్నప్పుడు పట్టిన చేప ఎంత పొడుగో చెబుతున్నాడనుకున్నాను. నేనూ తక్కువ తినలేదు. రెండు చేతులూ బారగా చాపి అంతకంటే పెద్దది చూపించాను. ఆయన తల మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఓడిపోయాడనుకున్నాను.

ఆ రాత్రే గైడుగా నాకు మొదటి ఫోను వచ్చింది. పంపుల కొట్టు గోడకి నేను అంటించి వచ్చిన గైడు ప్రకటన చూశారట. బెంజి సర్కిల్ దగ్గర పళ్ళ డాక్టరు మూర్తి గారు.

"ఆదివారం వస్తానండీ. నాకు నచ్చితే ప్రతి ఆదివారం వస్తాను."

ప్రతి ఆదివారం! వారానికొకసారి నా పక్కన ఒక నిజమైన మనిషి! మంచం మీద నిలబడి ఫ్యాను తగిలేలా గెంతాను. ఈ ఒక్క మనిషి జారిపోతే నాకిక ఆ రికార్డు ఆవిడే గతి. అందుకని శుక్ర, శనివారాలు గది తలుపులు వేసుకుని కూర్చున్నాను. కోడి ఈకలతో నలభై దొంగ ఈగలు కట్టాను. అద్దం ముందు చేతులు కట్టుకోవడం సాధన చేశాను. ఆ రెండు రోజులూ కాలువ ముఖం చూడలేదు.

ఆదివారం తెల్లవారగానే డాక్టరు గారి కారు వచ్చింది. యాభై దాటిన మనిషి, బొద్దుగా, ముచ్చటగా ఉన్నారు. కారులో కూర్చున్నానో లేదో ఆయన నోరు తెరిచారు.

"మీది ఏ ఊరండీ? నేను చిన్నప్పుడు మా మేనమామ గారితో..."

"ష్! వేట ఇక్కణ్ణుంచే మొదలండీ."

ఆయన ముఖం వాడిపోయింది. నేను గమనించలేదు. గట్టెక్కాం. నేను రాజులాగా చెయ్యి చాపి, "ఇదిగోనండీ నీళ్ళు!" అన్నాను.

డాక్టరు గారు అటూ ఇటూ చూశారు. "ఎక్కడండీ?"

కాలువలో నాలుగు గేదెలు పడుకుని ఉన్నాయి. ఇద్దరు పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. చుక్క నీరు లేదు. గట్టు మీద కోటయ్య గారు బీడీ ముట్టించుకుంటున్నాడు.

"కోటయ్య గారూ! కాలువేదండీ?"

"కట్టేశారు బాబూ."

"ఎప్పుడు?"

"శుక్రారం. ఏటా కట్టేస్తారుగా, పూడిక తియ్యటానికి. మళ్ళీ వానలప్పుడే వదిలేది. మూడు రోజులు చెప్తానే ఉన్నా. చేతుల్తో తలుపులు దించి చూపిస్తే, మీరు ఇంతకంటే పెద్ద తలుపులు చూపించారు!"

నేను పరాయి దేశం నుంచి ఊడిపడ్డవాణ్ణయితే క్షమించవచ్చు. పుట్టింది కూచిపూడి పక్కన. ఏటా ఎండలు ముదిరేవేళకి బ్యారేజీ దగ్గర నీళ్ళాపి కాలువలు కట్టేస్తారని మా ఊళ్ళో ఉయ్యాలలో బిడ్డకి కూడా తెలుసు. కానీ ఆ దొరల వీడియోల్లో ఏరు ఒక్కసారి కూడా కట్టెయ్యలేదు. వాళ్ళను చూసి నేను సొంత ఊరే మర్చిపోయాను.

డాక్టరు గారు కారు తాళం చేతిలోకి తీసుకున్నారు. నా ప్రతి ఆదివారం నా కళ్ళముందే పిట్టలా ఎగిరిపోతోంది. "ఇదొక ప్రత్యేకమైన పద్ధతండీ, తక్కువ నీళ్ళ వేట!" అని ఆయన మోచేయి పట్టుకుని కాలువ మధ్యలోంచి లాకుల వైపు నడిపించాను. వెనకే కోటయ్య గారూ వచ్చాడు.

లాకుల కింద మడుగులో మోకాలి లోతు నీళ్ళు మిగిలాయి. కాలువలోని చేపలన్నీ అందులో చేరాయి, ఆ చేపల కోసం జనమంతా చేరారు. ఒకటే అరుపులు, నవ్వులు. నాంచారమ్మ అనే పెద్దావిడ అడుగు లేని వెదురు బుట్టను, దాన్ని ఊత అంటారు, బురద నీళ్ళలో ఠపీమని దించి, పై కన్నంలోంచి చెయ్యి పెట్టి చేపల్ని తీస్తోంది.

"జరగండమ్మా, డాక్టరు గారికి చూపించాలి!" అని కర్ర తీసి వెనక్కీ ముందుకీ ఊపాను. తాడు గాలిలో దివ్యంగా మెలికలు తిరిగి వెళ్ళి నాంచారమ్మ తలగుడ్డను పట్టుకుంది. నేను లాగాను. తలగుడ్డ కొంగలా ఎగురుతూ నా దగ్గరికొచ్చింది.

"ఏంటయ్యా ఇది! చేపల్ని పట్టమంటే నన్ను పడతావేంటి? కోటయ్యన్నా, ఈ బాబేనా గేదెకి వేలు చూపించింది?"

మడుగంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లో అందరికంటే గట్టిగా నవ్వింది డాక్టరు గారే.

"ఈయనెవరు? డాట్టరు గారా? ఏం డాట్టరు?"

"పళ్ళకండీ."

"అయితే ఈ పన్ను చూడండి, మెతుకు నమిలినా సలుపుతంది." ఆవిడ అక్కడే నోరు తెరిచింది. ఆయన ప్యాంటు మడిచి మడుగులో దిగి చూశారు. తర్వాత ఆవిడ ఊత ఆయన చేతికిచ్చింది. "ఇట్టా దించండి. భయపడమాకండి, అది మిమ్మల్ని తినదు. ఆ! ఇప్పుడు చెయ్యి పెట్టండి. లోపల కదుల్తందా?"

"కదులుతోందమ్మోయ్!"

మోచేతంత కొరమీను! డాక్టరు గారు దాన్ని ఛాతీకి అదుముకుని గంతులేస్తున్నారు. నేను గట్టు మీంచి వీడియోలోని దొరగారి నియమం చెప్పాను. "వదిలెయ్యండి డాక్టరు గారూ! పట్టాక వదిలెయ్యాలి!"

నాంచారమ్మ నా వంక తిరిగింది. "వదిలెయ్యడానికి పట్టడమెందుకయ్యా? నిన్నెవరన్నా అట్టా పట్టి వదిలేశారా?"

అందరూ మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను వదిలెయ్యాలంటే ముందు ఎవరైనా పట్టుకోవాలి కదండీ.

గైడునన్న పేరు నిలబెట్టుకోవాలని నేనూ మడుగులో దిగాను. నాలుగడుగులు వేశానో లేదో రబ్బరు లాగు తొడల దాకా దిగబడింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. కోటయ్య గారు ఒక చెయ్యి, డాక్టరు గారు ఒక చెయ్యి పట్టుకుని "హైలెస్సా" అని లాగారు. నేను వచ్చాను. లాగు రాలేదు. అది మడుగు మధ్యలో నిటారుగా, నేను లేకుండానే నిలబడి ఉంది. గైడు ఉద్యోగానికి నాకంటే అదే పనికొచ్చేలా ఉంది. నేను చారల డ్రాయరుతో గట్టున కూర్చుని, వేరుశనక్కాయలు వలుచుకుంటూ, మధ్యాహ్నం దాకా వాళ్ళ కబుర్లు విన్నాను. డాక్టరు గారి మేనమామ కథ కూడా విన్నాను, నాంచారమ్మకు చెబుతుంటే.

తిరుగు ప్రయాణంలో ఆయన మెల్లగా అన్నారు. "రోజంతా జనం చేత నోళ్ళు తెరిపిస్తానండీ. ఒక్కరూ మాట్లాడరు, నా చేతులు వాళ్ళ నోట్లోనే ఉంటాయి కదా. 'ఆ...' తప్ప మనిషి మాట వినను. ఆదివారమైనా వింటానని మీకు ఫోన్ చేశాను."

ఇక ఈయన రారు అనుకున్నాను. సోమవారం, మంగళవారం, బుధవారం ఫోను పక్కన పెట్టుకుని పడుకున్నాను. గురువారం మోగింది.

"ఆదివారం వస్తున్నానండీ! నాంచారమ్మ గారు కింది లాకుల దగ్గర ఇంకో మడుగుందన్నారు. దారి ఆవిడే చూపిస్తారు."

"మరి నాతో పనేముందండీ?"

"ఏమీ లేదు. కారులో చోటుంది, వస్తారేమోనని."

"గైడుగానా అండీ?" ఆశగా అడిగాను.

"అబ్బెబ్బే, గైడుగా అయితే వద్దులెండి! ఊరికే రండి."

వెళ్ళాను. వెనక సీట్లో, ఊత ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా వాగుతూ వెళ్ళాను.

కాబట్టి కృష్ణమ్మ సాక్షిగా, పాఠక మహాశయుల సమక్షంలో, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరికీ ఏ దారీ చూపించను. బస్టాండులో ఎవరైనా వచ్చి "గన్నవరం బస్సు ఎక్కడాగుతుందండీ?" అని అడిగినా, నేను ఎక్కి కూర్చున్నది ఆ బస్సే అయినా సరే, వినయంగా పక్కాయన్ని చూపించి, ఆ తర్వాత ఆ ఇద్దరితో కబుర్లు మొదలుపెడతాను.