బస్సు లేని క్యాంపు

ఉద్యోగుల ఆరోగ్యం చూసే మా కంపెనీ, కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటు కార్మికులకు బీపీ, షుగరు పరీక్షలు చేస్తూ మొదలైంది. ప్రొద్దుటూరులో ఇంకో నాలుగు ఆఫీసుల పని దొరికేసరికి మా మేనేజరుకు రెక్కలొచ్చాయి. ఇక పల్లెల్లో అవగాహన పెంచుదామన్నాడు. ఆటోకు మైకు కట్టించి, చక్రాయపేట పక్కన ఒక ఊరికి నన్ను తోలాడు. "రేపు పొద్దున స్కూలు దగ్గర క్యాంపు! అంతా ఉచితం! భోజనం కూడా!" అని గొంతు పోయేలా అరిచి వచ్చాను.

నా బుద్ధి గడ్డి తిన్నది. అవి మండలాధ్యక్షుడి ఎన్నిక రోజులు. ఓటేయాల్సిన సభ్యులు అవతలి పార్టీకి జారిపోకుండా, బస్సెక్కించి ఎక్కడో దూరంగా దాచిపెట్టడాన్నే మావైపు క్యాంపు అంటారు.

మర్నాడు మేం వెళ్లేసరికి ఆ ఊరి సభ్యుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు.

"బస్సు యాడప్పా? ఏ పార్టీదైనా సరే, ఏసీ ఉండాల."

నాకు ఒళ్లు మండింది. "ఇది బీపీ చూసే క్యాంపు మామా! చెయ్యి చాపు" అన్నాను.

విసుక్కుంటూనే చాపాడు. బీపీ చాలా ఎక్కువగా ఉంది. మా డాక్టరు మాత్రలు రాసిచ్చి, "ఈ ఎన్నికల గొడవ మీకు మంచిది కాదు. కొన్నాళ్లు ఊరు విడిచి, చల్లని చోట హాయిగా ఉండి రండి" అన్నారు.

ఆయన సూట్‌కేసు చేతపట్టుకుని నా వైపు తిరిగాడు.

"పొద్దుట్నుంచి నేను చెప్తాండేది అదే గదప్పా! బస్సు యాడ?"