కల్లు లేని కల్లు

జిన్‌లో టానిక్ అనే చేదు సోడా కలిపితే ఎలా ఉంటుందని మా అమ్మ ఒకసారి అడిగింది. చలిజ్వరం మాత్ర నాలుక మీద కరిగాక నిమ్మచెక్క చప్పరించినట్టు ఉంటుందని చెప్పాను. మా కొండల్లో ఆ మాత్ర మింగని మనిషి లేడు కాబట్టి అమ్మకు వెంటనే అర్థమైంది. "ఓలమ్మో! జొరం లేకుండా దాన్నెందుకురా తాగడం?" అని నోరు నొక్కుకుంది. దాని కోసమే జనం ఘాట్ రోడ్డెక్కి మా హోటల్‌కు వస్తారంటే నమ్మలేదు.

తొంభైల మధ్యలో విశాఖపట్నంలో ఒక హోటల్లో బార్ పని నేర్చుకున్నాను. అరకులోయలో హోటళ్లు పెరిగాక అక్కడ పనికి కుదిరాను. మా ఊరు అక్కడికి దగ్గర్లోనే, కొండ మీద. ఊళ్లో మిషన్ వాళ్లు కట్టిన చర్చి ఉంది, నాన్న ఆ సంఘానికి పెద్ద. పెద్దగారి కొడుకు బార్‌లో పని చేయడమంటే మామూలు విషయమా? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, నేను ఏకంగా చెట్టు కిందే కాపురం పెట్టాను. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనను మావాళ్లు 'బల్ల' అంటారు. తాగేవాళ్లను బల్లకు దూరంగా ఉంచుతారు. నన్నూ ఉంచారు.

నాన్న మాత్రం పని మానేయమనలేదు. ఒక్కటే షరతు పెట్టాడు. "నాలిక మీద ఏసుకో. గొంతు దాటనీకు" అన్నాడు. మా పనికి అది చాలు. గ్లాసులో స్ట్రా ముంచి, పైకొన వేలితో మూసి, రెండు చుక్కలు నాలుక మీద వేసుకుంటే తేడా తెలిసిపోతుంది. నేను ఆ రెండు చుక్కలు కూడా ఉమ్మేసేవాణ్ణి. తోటివాళ్లు నవ్వేవారు. నవ్వుకోనీ, నాకేం?

పాత కాక్‌టెయిల్స్ మీద నాకు గౌరవం ఉంది. విస్కీ సోర్‌లో పులుపు ముందు వస్తుంది, తీపి దాన్ని సముదాయిస్తుంది, విస్కీ ఘాటు చివర్లో మెల్లగా నాలుక వెనక తేలుతుంది. ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో నాలుగు చుక్కల చేదు లేకపోతే మిగిలేది విస్కీ వాసన వేసే పానకమే. మార్గరీటా గ్లాసు అంచుకు ఉప్పు అద్దుతుంటే నాకు ఉప్పూకారం అద్దిన పచ్చి జామకాయ గుర్తొచ్చేది. బ్లడీ మేరీ అయితే తాలింపు మర్చిపోయిన చల్లటి టమాటా చారు, దాన్ని ఇష్టపడ్డవాళ్లను ఇప్పటికీ అర్థం చేసుకోలేను. రెండువేల సంవత్సరం దాటాక పుదీనా నలిపి కలిపే మొహితోలు వచ్చాయి. మా కాఫీ గింజల డికాషన్‌లో వోడ్కా పోయమనే కుర్రకారు వచ్చింది. ఆ చేదు, ఆ తీపి, అడుగున ఆ మంట, అబ్బో, అది బాగానే కుదిరేది. ఏం చేస్తాం, పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి.

ఆ రోజుల్లోనే నాన్నకు కడుపులో గడ్డ అన్నారు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో మందులు ఎక్కించి, ఇక ఇంటికి తీసుకెళ్లి చూసుకోమన్నారు. ఇంటికొచ్చిన మనిషి తినడం మానేశాడు. అన్నం పెడితే మట్టి అనేవాడు. నాలుకకు తేనె రాస్తే మట్టే. చింతపండు చారు, ఎండుచేపల కూర, పనసతొన, అమ్మ ఏది తెచ్చినా ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని మొహం తిప్పేసేవాడు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేది. రుచులు కలపడమే పనిగా పెట్టుకున్న నేను ఆయన నోటికి ఏమీ చేయలేక దిమ్మెత్తిపోయి కూర్చునేవాణ్ణి.

ఒక పొద్దున అమ్మ నీళ్లకు వెళ్లినప్పుడు నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఓ గుక్క జీలుగు కల్లు తాగాలనుందిరా. నోరు అదొక్కటే అడగతంది."

నేను తెల్లబోయాను. నాన్న కుర్రతనంలో జీలుగు చెట్లెక్కి కల్లు గీసేవాడని తెలుసు. పెళ్లయ్యాక అమ్మా ఆయనా ఒకేరోజు, ఒకే గెడ్డ నీళ్లలో బాప్తిస్మం తీసుకున్నారని, ఆ సాయంత్రమే అమ్మ కల్లుకుండలు తన చేత్తో పగలగొట్టిందని కూడా తెలుసు. ఆనాటి నుంచి ఆయన కల్లు పేరెత్తడం నేను వినలేదు.

"తెచ్చిమ్మంటావా నాన్నా?" అన్నాను.

"వొద్దు. మాటిచ్చినాను. బల్లకి దూరమై పోలేను" అని కళ్లు మూసుకున్నాడు. "ఊరికే సెప్పినాను. మీ అమ్మతో అనకు."

ఆ మాట నన్ను నిలవనీయలేదు. హోటల్లో మందు ముట్టనివాళ్లకు మేం మాక్‌టెయిల్ కలిపిస్తాం. ఉత్త రసాలతోనే అసలు డ్రింకులో ఉండే పులుపు, చేదు, కరుకు తెప్పిస్తాం. అలాంటప్పుడు మందు లేకుండా జీలుగు కల్లు రుచి తేలేనా? వాళ్లెవరో తాగే డైకిరీకి కొలతలు తెలిసిన నాకు మా నాన్న అడిగిన రుచి చేతకాకపోతే ఈ పని నేర్చుకుని ఎందుకు!

తేలిగ్గా కుదరలేదు. ఊళ్లో పెరిగినవాణ్ణి, ఆ కల్లు వాసన నాకు తెలుసు. పొద్దున తీయగా, మధ్యాహ్నానికి పుల్లగా, నాలుక అంచుల్ని కొంచెం పట్టి వదిలేలా ఉంటుంది. కొబ్బరినీళ్లతో మొదలుపెట్టాను, రుచి మరీ తేటగా ఉంది. నిమ్మరసం పిండితే నిమ్మకాయే కనిపిస్తోంది. చివరికి ముందురోజు కాచిన రాగి అంబలి పైతేట గుడ్డలో వడకట్టి కొబ్బరినీళ్లలో కలిపాను. అంబలి పులుపు దారిలో పడింది. తాటిబెల్లం కొద్దిగా. చివర్లో నాలుక పట్టడానికి హోటల్ నుంచి తెచ్చిన టానిక్, రెండు మూతలు. స్ట్రాతో నాలుక మీద వేసుకుంటే ఇంకా ఏదో తక్కువ. మా కొండల్లో కల్లు పోసుకునేది ఎండిన ఆనపకాయ బుర్రలో; అటక మీద పాతదొకటి ఉంటే దించి, కడిగి, అందులో పోసి కాసేపు ఉంచాను. ఆ బుర్ర వాసన పట్టాక అచ్చం జీలుగు కల్లే.

మధ్యాహ్నం దాన్ని నాన్న మంచం దగ్గరికి తీసుకెళుతుంటే అమ్మ అడ్డం వచ్చింది.

"ఏటది?"

"షర్బత్తు. నేనే కలిపాను. ఇందులో కల్లు లేదు, మందు లేదు. కావాలంటే చూడు."

బుర్ర అందుకుని అమ్మ ఒక గుక్క తాగింది. తాగి, అలాగే నిలబడిపోయింది. కుండలు పగలగొట్టిన మనిషికి ఆ రుచి గుర్తుండకుండా ఎలా ఉంటుంది? ఆమె మొహం చూస్తే నాకు భయం వేసింది. బుర్ర విసిరికొడుతుందనుకున్నాను.

"ఒట్టమ్మా, అంబలి తేట, కొబ్బరినీళ్లు..." అని మొదలుపెట్టాను.

"ఊరుకో. నాకు సెప్పకు" అంది.

వెళ్లి మంచం అంచున కూర్చుని, నాన్న తల తన మోచేతి మీదికి ఎత్తుకుని, బుర్ర ఆయన పెదాలకు ఆనించింది. నాన్న కళ్లు తెరిచి ముందు ఆమెను చూశాడు. తర్వాత వేలు ముంచి రెండు బొట్లు మట్టినేల మీద విదిలించాడు. తాతముత్తాతలకు వాళ్ల వాటా ఇవ్వకుండా కల్లు తాగకపోవడం మా పాత ఆచారం. దాన్నీ ఆమె వారించలేదు. ఆయన గుక్క తర్వాత గుక్క తాగాడు. గొంతు కదలడం చూస్తూ నేను గుమ్మంలోనే ఏడ్చేశాను.

అమ్మ బుర్ర కడగడానికి బయటికి వెళ్లాక నాన్న నాతో మెల్లగా అన్నాడు. "మత్తు లేదురా దీనికి. గీసినోడికి తెలీదేటి? అయినా బాగుంది." ఆ సాయంత్రం అడిగి మరీ గుప్పెడు అన్నం తిన్నాడు.

కొన్ని రోజులకు ఆయన లేవలేని స్థితికి వచ్చాడు. పాస్టరుగారు బల్లను ఇంటికే తెచ్చారు, తెల్లగుడ్డ కప్పిన పళ్లెంలో రొట్టెముక్కలు, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. నాన్న తీసుకున్నాడు. అదే ఆయన కోరుకున్నది, నిశ్చింతగా తీసుకున్నాడు. పళ్లెం తన వైపు తిరిగితే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దు పాస్టరుగోరూ. ఈయనకి కల్లు తాగించినాను, ముందు నాను తాగినాను."

పాస్టరుగారు నా వైపు చూశారు. నేను గబగబా అంతా చెప్పాను, ఏం కలిపానో, ఎందుకు కలిపానో. మంచం మీంచి నాన్న కూడా అవునని తల ఊపాడు.

"ఇందులో తప్పేముందమ్మా? అది కల్లు కాదట కదా" అన్నారు పాస్టరుగారు, ఆయన గొంతులో ఊరట వినిపించింది.

"కాదని ఈడంటన్నాడు. నాను మటుకు కల్లనుకునే తాగించినాను గదా."

"సరే, పశ్చాత్తాపపడు తల్లీ. ప్రార్థన చేస్తాను, తీసుకుందువు గాని."

అమ్మ నాన్న వైపు చూసింది. ఆయన పెదాల మీద తడి కొంగుతో తుడిచింది.

"అదే రావడం లేదు పాస్టరుగోరూ. మళ్లా అడిగితే మళ్లా ఇత్తాను. ఇలాటి మనసెట్టుకుని ఇది ఎలా తాగను?"